8వ నంబరు సూదులతో బిగుతైన స్వెటరు, చిన్న కుండీలో రాలిపోతున్న జుకినీ పిందెలు: రెండింటినీ సరిచేయడం ఎలా?

మీ ప్రశ్నలో రెండు పనులు కలిసి ఉన్నాయి కనుక ముందుగా దానిని క్లుప్తంగా చెప్పుకొని సమాధానంలోకి వెళతాను. ఇంట్లో ఉన్న పాత సూదులు తీసుకొని, ఒక అమెరికన్ ప్యాటర్న్‌లో చెప్పినట్టే 8వ నంబరుతో 92 కుట్లు ఎక్కించి స్వెటరు వెనుక భాగం పూర్తి చేశారు. 51 సెం.మీ. వెడల్పు రావలసింది 45 మాత్రమే వచ్చింది, పైగా అల్లిక అట్టలా బిరుసుగా ఉంది. మరోవైపు 25 సెం.మీ. కుండీలు రెండింటిలో, గుమ్మడి జాతి కూరగాయ అయిన జుకినీ మొక్కలు రెండేసి పెట్టారు; విత్తనాలు తెలిసినవారు తమ పెరటి కాయ నుంచి తీసి ఇచ్చినవి. పూత బాగానే ఉంది గాని, పిందెలు వేలెడంత అయ్యేసరికి కొన పసుపెక్కి, మెత్తబడి రాలిపోతున్నాయి. ఆకుల మీద తెల్ల మచ్చలూ ఉన్నాయి. మిగిలిన ఊలు ముక్కలను కుండీలలో వేయవచ్చా అని కూడా అడిగారు.

స్వెటరు బిగుతు కావడానికి కారణం మీ చేయి కాదు, సూది మీద ఉన్న అంకె. అమెరికన్ లెక్కలో 8వ నంబరు సూది 5 మి.మీ. లావు ఉంటుంది, మీ పాత సూదుల మీద ఉన్నది బహుశా బ్రిటిష్ లెక్క, అందులో 8 అంటే 4 మి.మీ. మాత్రమే. ఆ ముక్కను విప్పి, 5 మి.మీ. సూదులతో నమూనా ముక్క (కుట్ల లెక్క సరిచూసుకోవడానికి అల్లే చిన్న చదరం) వేసి చూసుకొని మళ్లీ మొదలుపెట్టండి. పిందెలు రాలడానికి కారణం ఎరువు లోపం కాదు, పుప్పొడి అందకపోవడం. రేపు ఉదయమే మగ పువ్వుతో ఆడ పువ్వుకు పుప్పొడి అద్దండి. కుండీకి ఒక్క మొక్కను మాత్రమే ఉంచి, దానిని కనీసం 35 లీటర్ల కుండీలోకి మార్చండి. విత్తనాల గురించి ఒక హెచ్చరిక ఉంది. అది చివరలో చెబుతాను గాని, మొదటి కాయ వండే ముందు దానిని తప్పక చదవండి.

నేను ఊలు అల్లడం మొదలుపెట్టి ఇరవయ్యేళ్లు దాటింది, కుండీలలో జుకినీ తొమ్మిదేళ్లుగా వేస్తున్నాను. ఈ రెండింటిలో నేను చేసిన తప్పులలో చాలా వరకు ఒకే కోవకు చెందినవి. వస్తువు మీద అచ్చు వేసిన అంకెను నమ్మాను, చేతిలో ఉన్న వస్తువును కొలవలేదు. మీ రెండు సమస్యలలోనూ నాకు అదే కనిపిస్తున్నది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూదుల సంగతి చూద్దాం. బ్రిటిష్ పాత పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, అమెరికన్ పద్ధతిలో నంబరు పెరిగేకొద్దీ లావవుతుంది. 4 మి.మీ. సూదిని బ్రిటిష్ లెక్కలో 8 అనీ, అమెరికన్ లెక్కలో 6 అనీ అంటారు, 5 మి.మీ. సూది దగ్గరకు వచ్చేసరికి సరిగ్గా తిరగబడి, బ్రిటిష్ లెక్కలో 6, అమెరికన్ లెక్కలో 8 అవుతుంది. రెండు పద్ధతులలోనూ 6, 8 రెండూ ఉండడం, రెండూ స్వెటరుకు సాధారణంగా వాడే సైజులే కావడం వల్ల, అల్లుతున్నంతసేపూ ఎవరికీ అనుమానం రాదు. సూది మరీ సన్నగానో మరీ లావుగానో ఉంటే చేయి వెంటనే గుర్తుపడుతుంది. ఒక్క మిల్లీమీటరు తేడాను మాత్రం చేయి సర్దుకుపోతుంది.

సూది లావు కొలవడానికి రంధ్రాలున్న కొలత పట్టీ దొరుకుతుంది. అది లేకపోతే నేను చేసే పని ఇది: కుట్టుపనికి వాడే మామూలు సన్న దారాన్ని సూది చుట్టూ, చుట్టు పక్కన చుట్టు ఆనుకునేలా, సరిగ్గా 10 చుట్లు చుట్టి, మొదలు, చివర పెన్నుతో గుర్తు పెట్టి, విప్పి స్కేలు మీద కొలుస్తాను. ఆ రెండు గుర్తుల మధ్య పొడవు సుమారు 13 సెం.మీ. ఉంటే సూది 4 మి.మీ., సుమారు 16 సెం.మీ. ఉంటే 5 మి.మీ. అన్నమాట. దారాన్ని లాగి బిగించకూడదు, వదులుగానూ వదలకూడదు. కొన దగ్గర సూది సన్నగా ఉంటుంది కనుక నడిమి భాగంలోనే చుట్టాలి. మీ సూదులను ఒకసారి ఇలా కొలిచి చూడండి. నా అంచనా తప్పయితే నిమిషంలో తేలిపోతుంది.

నా అంచనా సరైనదే అనుకోవడానికి మీరు ఇచ్చిన అంకెలే ఆధారం. 92 కుట్లకు 51 సెం.మీ. అంటే 10 సెం.మీ.కు 18 కుట్లు. ఇది 5 మి.మీ. సూదితో కాస్త లావు ఊలుకు వచ్చే మామూలు గేజ్, అంటే 10 సెం.మీ.కు పట్టే కుట్ల లెక్క. మీకు వచ్చినది 92 కుట్లకు 45 సెం.మీ., అంటే 10 సెం.మీ.కు సుమారు 20 కుట్లకు కాస్త ఎక్కువ. అదే ఊలును ఒక మిల్లీమీటరు సన్న సూదితో అల్లితే దాదాపు ఇదే వస్తుంది, అల్లిక బిరుసెక్కడానికీ ఇదే కారణం. ఊలు పోగుకు కదలడానికి చోటు లేనప్పుడు గుడ్డ ఒంటి మీద వాలదు, నిలబడుతుంది.

ఒక ముక్కలో 6 సెం.మీ. తేడా అంటే చిన్నదిగానే అనిపిస్తుంది. స్వెటరుకు ముందు భాగం కూడా ఉంటుందని మరచిపోకూడదు. చుట్టుకొలత 102 సెం.మీ. రావలసినది 90 అవుతుంది. ఛాతీ 92 సెం.మీ. ఉన్న మనిషికి 102 సెం.మీ. స్వెటరు హాయిగా ఉంటుంది, 90 సెం.మీ. స్వెటరు ఒంటికి అంటుకుపోతుంది. ఆవిరి పట్టి సాగదీస్తే సరిపోతుందని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అసలు ఊలయితే తడిపి పరచినప్పుడు ముక్కకు రెండు మూడు సెంటీమీటర్లు రాబట్టవచ్చు గాని, వెడల్పులో లాగినది పొడవులో తగ్గుతుంది, తర్వాత ఉతికినప్పుడు మళ్లీ ముడుచుకుపోతుంది. ఆక్రిలిక్ అయితే వేడి తగిలితే పోగు ప్రాణం పోయి వేలాడుతుంది, తిరిగి రాదు. అందుచేత సాగదీసే ఆలోచన వద్దు.

సూదులు మార్చకుండా మరో దారి ఉన్నమాట నిజమే. ఇప్పుడున్న మీ గేజ్‌నే తీసుకొని, దానికి సరిపడా కుట్లు పెంచి, అంటే ఒక్కో ముక్కకు 104 కుట్ల చొప్పున, 4 మి.మీ. సూదులతోనే మొదటినుంచి అల్లుకోవచ్చు. అప్పుడు కొలత సరిపోతుంది గాని బిరుసుతనం పోదు, ఊలు కూడా ఎక్కువ పడుతుంది. ఎలాగూ మొదటినుంచి అల్లవలసిందే కనుక, నేనయితే సూదులే మారుస్తాను.

విప్పడానికి మనసొప్పదని నాకు తెలుసు. విప్పిన ఊలు వృథా కాదు, కానీ దానిని అలాగే తిరిగి అల్లకూడదు, ఎందుకంటే పాత కుట్ల ఆకారం పోగులో ఉంగరాలు ఉంగరాలుగా మిగిలి, కొత్త అల్లికలో కుట్లు ఎగుడుదిగుడుగా కనిపిస్తాయి. విప్పుతూ విప్పుతూ ఊలును కుర్చీ వీపు చుట్టూ చిలపలా చుట్టుకోండి, నాలుగు చోట్ల వదులుగా వేరే దారంతో కట్టండి, గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టి, పిండకుండా తువ్వాలులో అదిమి, నీడలో వేలాడదీయండి. ఆరాక ఉంగరాలు చాలా వరకు విడిపోతాయి. ఆ తర్వాతే ఉండగా చుట్టుకోవాలి. ఇంతకుముందు వాడని ఉండ ఒకటి మిగిలి ఉంటే, నమూనా ముక్కకు దానినే వాడండి.

నమూనా ముక్క వేయడం గురించి రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే చాలామంది దానిని మొక్కుబడిగా వేస్తారు. 10 సెం.మీ. ముక్క చాలదు, అంచు కుట్లు ఎప్పుడూ వదులుగానో బిగువుగానో ఉంటాయి కనుక, 15 సెం.మీ. చదరం అల్లి, నడుమ 10 సెం.మీ. మాత్రమే కొలవాలి. కొలిచే ముందు దానిని, రేపు స్వెటరును ఎలా ఉతుకుతారో అలాగే ఉతికి, ఎలా ఆరబెడతారో అలాగే ఆరబెట్టాలి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నా మూడో స్వెటరు నూలు దారంతో అల్లాను. నమూనా ముక్కను ఉతకకుండానే కొలిచి, లెక్క సరిపోయిందని సంబరపడి, నెలన్నర అల్లాను. మొదటిసారి ఉతికి తీగ మీద వేలాడదీసిన సాయంత్రానికి పొడవు 7 సెం.మీ. పెరిగింది, చేతులు వేళ్ల కణుపుల దాకా దిగాయి. నూలుకు ఊలులోని స్ప్రింగు గుణం లేదు. తన బరువుకు తానే సాగుతుంది, తడిసినప్పుడు ఇంకా సాగుతుంది. మెషీన్‌లో వేసినా ముడుచుకోకుండా శుద్ధి చేసిన ఊలు కూడా తడిస్తే పెరుగుతుంది. అప్పటినుంచి స్వెటర్లను పరచి ఆరబెడుతున్నాను, నమూనా ముక్కను ఉతకకుండా కొలవడం మానేశాను.

కొలిచాక 18 కుట్లకు బదులు 19 వస్తే పావు లేదా అర మిల్లీమీటరు లావు సూది తీసుకోండి, 17 వస్తే సన్న సూది తీసుకోండి. చేతి బిగువును మార్చుకొని కావాలని వదులుగా అల్లడానికి మాత్రం ప్రయత్నించవద్దు. నాలుగు వరుసలు గుర్తుంటుంది, ఐదో వరుసకు ఏదో ఆలోచనలో పడి పాత చేయి వచ్చేస్తుంది. ఒక్క కుట్టే కదా అని వదిలేస్తారేమో, ఒకసారి లెక్క చూడండి: మొత్తం 184 కుట్లు 18 గేజ్‌తో 102 సెం.మీ., 19 గేజ్‌తో దాదాపు 97 సెం.మీ. అవుతాయి. అంటే 10 సెం.మీ. ముక్కలో కంటికి ఆనని తేడా ఒంటి మీద 5 సెం.మీ. అయి కూర్చుంటుంది.

వరుసల గేజ్‌ను అందరూ వదిలేస్తారు. నడుము నుంచి చంక దాకా ప్యాటర్న్ సెంటీమీటర్లలో చెబుతుంది కాబట్టి అక్కడ వరుసల సంఖ్యతో పనిలేదు. స్వెటరు చేతుల దగ్గర మాత్రం దెబ్బతీస్తుంది. ఉదాహరణకు చేతి మొదట 40 కుట్లు, చంక దగ్గరకు 64 కుట్లు కావాలనుకోండి. 24 కుట్లు పెరగాలి, ఒక్కోసారి రెండు వైపులా ఒక్కొక్కటి పెంచుతారు కనుక 12 సార్లు. ప్రతి 8 వరుసలకు ఒకసారి అంటే మొత్తం 96 వరుసలు. 10 సెం.మీ.కు 24 వరుసలు వచ్చేలా అల్లేవారికి అది 40 సెం.మీ. పొడవు, 28 వరుసలు వచ్చేలా అల్లేవారికి 34 సెం.మీ. మాత్రమే. అందువల్ల నమూనా ముక్కలో వరుసలు కూడా లెక్కపెట్టి రాసుకోండి. చేతులు రెండింటినీ ఒకే జత సూదుల మీద, రెండు ఉండలతో పక్కపక్కన అల్లితే ఒకటి పొడవు, ఒకటి పొట్టి అయ్యే బాధ ఉండదు. చంక దగ్గర కుట్లు తగ్గించడం మొదలుపెట్టే ముందు, వరుసలోని కుట్లన్నింటి గుండా వేరే రంగు సన్న దారం ఒకటి పోనివ్వండి. తర్వాత ఏదైనా తప్పు జరిగి విప్పవలసివస్తే, అక్కడ ఆగుతుంది. ఉండల మీద రంగు లాట్ నంబరు (ఒకే విడతలో రంగు అద్దిన ఉండలకు ఇచ్చే సంఖ్య) ఒకటేనా అని ఇప్పుడే చూసుకోండి. వేరైతే, రెండు ఉండలను రెండేసి వరుసల చొప్పున మార్చి మార్చి అల్లండి, లేకపోతే ఛాతీకి అడ్డంగా గీత గీసినట్టు రంగు తేడా తెలిసిపోతుంది.

ఇక జుకినీ. కుండీ మీద 25 అని రాసి ఉందన్నారు. అది పై అంచు వెడల్పు. మొక్కకు కావలసింది మట్టి ఘనపరిమాణం. 25 సెం.మీ. వెడల్పు, అంతే ఎత్తు ఉన్న కుండీ నిటారుగా ఉంటే 12 లీటర్లు పడుతుంది. కింద సన్నబడే కుండీ అయితే, పైన నీటికి వదిలే ఖాళీ కూడా తీసేస్తే, 9 లేదా 10 లీటర్లకు మించదు. దానిలో రెండు మొక్కలంటే ఒక్కో దానికి 5 లీటర్ల మట్టి. జుకినీ మొక్క విచ్చుకుంటే దాదాపు మీటరు వెడల్పు ఆక్రమిస్తుంది, ఒక్కో ఆకు పళ్లెం అంత ఉంటుంది, ఎండ వేళ ఆ ఆకుల నుంచి పోయే నీటిని అందించడానికి 5 లీటర్ల మట్టి ఏ మాత్రం చాలదు. ఒక మొక్కకు 40 సెం.మీ. వెడల్పు, 35 సెం.మీ. లోతు తగ్గని కుండీ పెట్టండి. కింద సన్నబడినా అది 35 లీటర్ల దాకా ఉంటుంది.

ప్రతి కుండీలో బలహీనంగా ఉన్న మొక్కను పీకవద్దు, మొదలు దగ్గర కత్తెరతో కత్తిరించండి. పీకితే రెండో దాని వేళ్లు కూడా తెగుతాయి, గుమ్మడి జాతి మొక్కలు వేళ్లు కదిలితే అంత తొందరగా తేరుకోవు. రెండు రోజుల తర్వాత, సాయంత్రం పూట, మట్టి తేమగా ఉన్నప్పుడు, కుండీని వాలుగా పట్టుకొని మట్టిగడ్డ విడిపోకుండా జార్చి పెద్ద కుండీలో కూర్చోబెట్టండి. ఒకటి రెండు రోజులు మధ్యాహ్నపు ఎండ తగలకుండా చూస్తే చాలు. తోట మట్టి ఒక వంతు, బాగా మాగిన కంపోస్టు ఒక వంతు, కొబ్బరి పొట్టు ఒక వంతు కలిపిన మిశ్రమం నాకు బాగా పనిచేస్తున్నది. ఒట్టి తోట మట్టి కుండీలో గట్టిపడిపోతుంది. అడుగున గులకరాళ్లు పరచే అలవాటు ఉంటే మానండి. దానివల్ల నీరు త్వరగా దిగదు, మట్టికి ఉన్న చోటు తగ్గుతుంది, అంతే. రంధ్రాలు తెరిచి ఉంటే చాలు. రోజుకు ఆరు గంటలు తగ్గకుండా నేరుగా ఎండ పడాలి.

పిందెల విషయానికి వస్తే, మీరు రాసిన లక్షణాలు పరాగసంపర్కం జరగని పిందెకు సరిగ్గా సరిపోతున్నాయి. జుకినీ మొక్కకు మగ పువ్వులు వేరు, ఆడ పువ్వులు వేరు. మగ పువ్వు సన్నని పొడవాటి కాడ మీద ఉంటుంది, ఆడ పువ్వు వెనుక అప్పటికే వేలి కొసంత పిందె ఉంటుంది. పువ్వు విచ్చకముందే ఆ పిందె ఉంటుంది కాబట్టి, కాయ పట్టిందని మనం పొరబడతాం. పుప్పొడి అందకపోతే మొక్క దానిని నాలుగైదు రోజులు మోసి వదిలేస్తుంది. మొదట్లో కొన్నాళ్లు మగ పువ్వులే ఎక్కువగా రావడం సహజం. వేడి బాగా ఎక్కువైనప్పుడు ఆడ పువ్వులు తగ్గడం, పుప్పొడి సత్తువ తగ్గడం కూడా సహజం.

నాలుగేళ్ల కిందట నేను తేనెటీగలు చేరలేని ఎత్తులో ఉన్న బాల్కనీకి మారాను. ఆ ఏడు పిందెలన్నీ మీవాటిలాగే రాలిపోయాయి. నేను ఎరువు తక్కువైందనుకొని మూడుసార్లు నత్రజని ఎరువు వేశాను, ఆకులు చేటలంత అయ్యాయి, కాయ మాత్రం ఒక్కటి నిలవలేదు. చివరకు ఒక రోజు తెల్లవారుజామున పువ్వులు విచ్చుకొని ఉండగా చూస్తే, గంటసేపట్లో ఒక్క పురుగు వాలలేదు. అప్పటినుంచి ఆ పని నేనే చేస్తున్నాను.

పువ్వులు తెల్లవారుతూనే విచ్చుకొని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతాయి, మళ్లీ తెరుచుకోవు. కాబట్టి ఉదయం ఎనిమిది లోపు చేయాలి. అప్పుడే విచ్చిన మగ పువ్వును కాడతో సహా తుంచి, రేకులను చీల్చి తీసేయండి. నడుమ పసుపు రంగు పుప్పొడి అంటుకున్న ఒకే కాడ మిగులుతుంది. దానిని వేలితో ముట్టుకుంటే పసుపు అంటాలి, అంటకపోతే కాసేపు ఆగి చూడండి లేదా వేరే పువ్వు తీసుకోండి. ఆడ పువ్వులో నడుమ చీలికలుగా ఉబ్బి, కొద్దిగా జిగటగా ఉండే కీలాగ్రం కనిపిస్తుంది. ఒక వైపు మాత్రమే కాకుండా చీలికలన్నింటి మీదా, మగ కాడను తేలికగా తిప్పుతూ అద్దండి. ఒక వైపే అద్దితే కాయ ఒక వైపు లావై, మరోవైపు నొక్కుకుపోయి వంకరగా వస్తుంది. ఒక మగ పువ్వుతో రెండు ఆడ పువ్వుల దాకా చేయవచ్చు. పట్టిన పిందె రెండు రోజులలోనే నిగనిగలాడుతూ పొడవు సాగుతుంది, వారంలో కోతకు వస్తుంది. ఒకే రోజు ఆడ, మగ రెండూ విచ్చుకోవాలంటే కనీసం రెండు మొక్కలు ఉండడం మేలు. మీకు రెండు కుండీలు ఉన్నాయి కనుక ఇబ్బంది లేదు.

పుప్పొడి అందినా, కాయ కాస్త పెరిగాక పువ్వు ఉన్న కొన గోధుమ రంగులోకి కుంగి, తోలులా మారితే, అది వేరే సమస్య. కాయ కొసకు కాల్షియం చేరకపోవడం వల్ల అలా జరుగుతుంది. మట్టిలో కాల్షియం లేదని దీనికి అర్థం కాదు, నీరు ఒక రోజు వరదలా, రెండు రోజులు ఎండుగా అందుతున్నదని అర్థం. చిన్న కుండీలో ఇది దాదాపు తప్పదు. మట్టిలోకి వేలిని రెండు కణుపుల దాకా దించి చూసి, పొడిగా తగిలితే అడుగు రంధ్రాల నుంచి నీరు కారేదాకా పోయండి. వేడి రోజులలో ఉదయం, సాయంత్రం రెండుసార్లు చూడవలసి ఉంటుంది. మధ్యాహ్నం ఆకులు వాలిపోయి సాయంత్రానికి లేస్తే కంగారు పడవద్దు. తెల్లవారుజామున కూడా వాలి ఉంటేనే దాహమో, వేరు కుళ్లో అని అనుమానించాలి. పూత మొదలయ్యాక పొటాష్ ఎక్కువ ఉన్న ద్రవ ఎరువును, డబ్బా మీద చెప్పిన మోతాదులో సగం చొప్పున, వారానికి ఒకసారి ఇవ్వండి.

తెల్ల మచ్చల గురించి మందు కొట్టే ముందు ఒక పని చేయండి. మచ్చ మీద వేలితో రుద్ది చూడండి. వేలికి పిండిలా అంటితే బూడిద తెగులు. అంటకుండా, మచ్చలు ఈనెల మధ్య కోణాలుగా, ఆకు నడిమి ఈనెకు రెండు వైపులా ఇంచుమించు ఒకే తీరులో, వెండి పూతలా ఉంటే అది కొన్ని రకాల జుకినీకి పుట్టుకతో వచ్చే చార, రోగం కాదు. దీనిని తెగులనుకొని ఆరోగ్యంగా ఉన్న ఆకులన్నీ తుంచేసినవారిని నేను చూశాను. బూడిద తెగులే అయితే బాగా పట్టిన పాత ఆకులు తీసేసి, ఒక వంతు పాలకు తొమ్మిది వంతుల నీరు కలిపి, వారానికి ఒకసారి ఎండ ఉన్న ఉదయం ఆకులకు రెండు వైపులా పిచికారీ చేయండి. ఇది చిట్కాలా అనిపించినా, 1999లో బ్రెజిల్ శాస్త్రవేత్త వాగ్నర్ బెట్టియోల్ జుకినీ మొక్కల మీదే దీనిని పరీక్షించి, ఫలితం ఇస్తుందని ప్రచురించారు. తెగులు మొదలవుతుండగా వాడితే నాకు పనిచేసింది, మొక్కంతా తెల్లబడ్డాక వాడితే పనిచేయలేదు.

ఊలు ముక్కలు కుండీలో వేయవచ్చా అన్న ప్రశ్నకు: అసలు ఊలయితే వేయవచ్చు, ఆక్రిలిక్ అయితే వద్దు. ఊలు నీటిని పట్టి ఉంచుతుంది, మెల్లగా కుళ్లి కాస్త నత్రజని ఇస్తుంది. ఆక్రిలిక్ ప్లాస్టిక్ కనుక ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఏదో తెలియకపోతే ఒక పోగును పటకారుతో పట్టుకొని నిప్పు అంటించండి. ఊలు వెంట్రుక కాలిన వాసన వేసి, మంట తీయగానే ఆరిపోయి, నలిపితే పొడి అయ్యే మసి మిగులుతుంది. ఆక్రిలిక్ కరిగి గట్టి పూసలా మారుతుంది. చల్లారకముందు ముట్టుకోవద్దు. నేను ఊలు ముక్కలను ఎక్కువగా మట్టిలో వేయను, మొక్కను కర్రకు కట్టడానికి వాడతాను. జుకినీ కాండం లోపల బోలుగా ఉంటుంది, నైలాన్ తాడు కడితే కోసుకుపోతుంది. లావు ఊలును ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా చుడితే కాండం లావెక్కినా అది సాగుతుంది. ఇంకొక మాట: జుకినీ ఆకు కాడల మీద సన్నని ముళ్లలాంటి నూగు ఉంటుంది. చేతి తొడుగులు లేకుండా ఉదయం మొక్క పని చేసి, అదే చేతులతో అల్లడానికి కూర్చుంటే, గీరుకుపోయిన చర్మానికి ఊలు పోగులు తగులుకొని చిరాకు పెడతాయి. నేను ఉదయం మొక్కలు, రాత్రి అల్లిక అని వేరు చేసుకున్నది అందుకే.

ఇప్పుడు మొదట చెప్పిన హెచ్చరిక. తోటలో తీసిన జుకినీ విత్తనాలు నమ్మదగినవి కావు. జుకినీ, కొన్ని రకాల గుమ్మడి, అలంకారానికి పెంచే చేదు బుర్రలు అన్నీ ఒకే వృక్షజాతికి చెందినవి. తేనెటీగ ఒకదాని పుప్పొడిని మరొకదానికి మోస్తే, ఆ ఏడాది కాయ మామూలుగానే ఉంటుంది గాని, దాని విత్తనాల నుంచి వచ్చే మొక్కల కాయలలో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం ఉండవచ్చు. ఉడికించినా అది పోదు. 2015లో జర్మనీలో ఇంట్లో పండిన ఇలాంటి చేదు జుకినీ తిని ఒక వృద్ధుడు మరణించారు. అందుచేత రెండు మొక్కలలో ప్రతి దాని మొదటి కాయ నుంచీ చిన్న పచ్చి ముక్క కోసి నాలుక కొసకు తాకించి చూడండి, మింగవద్దు. మంచి జుకినీకి పచ్చిగా ఉన్నప్పుడు చప్పని, కాస్త తీయని రుచే ఉంటుంది. ఏ మాత్రం చేదు తగిలినా ఉమ్మేసి, నోరు కడుక్కొని, ఆ మొక్కను కాయలతో సహా తీసేయండి. మసాలాతో చేదు కప్పిపుచ్చే ప్రయత్నం అసలు వద్దు. చేదు లేకపోతే కాయలను 15 నుంచి 20 సెం.మీ. పొడవులోనే కోస్తూ ఉండండి. ఒక్క కాయను ముదరనిచ్చినా మొక్క కొత్త పిందెలు వేయడం తగ్గిస్తుంది.

సూదులను దారంతో కొలిచి ఎంత వచ్చిందో, 5 మి.మీ. సూదితో వేసిన నమూనా ముక్కను ఉతికి ఆరబెట్టాక 10 సెం.మీ.కు ఎన్ని కుట్లు, ఎన్ని వరుసలు వచ్చాయో ఇక్కడే రాయండి. మణికట్టు నుంచి చంక దాకా మీకు కావలసిన పొడవు కూడా జతచేస్తే, ఎన్ని వరుసలకు ఒకసారి కుట్లు పెంచాలో మీ చేతి గేజ్‌కు సరిపడేలా లెక్క వేసి ఇస్తాను.